లెక్క చెప్పిన కుర్చీ నుంచి లెక్క అడిగించిన కుర్చీ దాకా: నీలం సంజీవరెడ్డి జీవితం

ఉరవకొండలో ఏ మాట మొదలుపెట్టినా చివరికి నీళ్ల దగ్గరికే వస్తుంది. ఊరి పక్కన కొండ పడగ విప్పిన పాములా నిలబడి ఉంటుంది. చుట్టూ వేరుశనగ చేలు, ఊళ్లో చేనేత మగ్గాలు. వాన పడితే పంట, పడకపోతే బళ్లారికో బెంగళూరుకో కూలికి పోవాల్సిందే. ఇలాంటి చోట సర్కారు అంటే జనానికి తెలిసింది నాలుగైదు సంగతులే. కొళాయిలో నీళ్లు, చౌక దుకాణంలో బియ్యం, దవాఖానాలో డాక్టరు, బడిలో టీచరు, అనంతపురం పోయే బస్సు. వీటికి డబ్బు మంజూరైందని పేపర్లో వస్తుంది. డబ్బు వచ్చిందా, వస్తే ఎక్కడ ఖర్చయింది అని అడిగేవాళ్లు ఎవరో ఒకరు ఉండాలి.

శాసనసభలో ఆ పని చేసే కమిటీ ప్రజాపద్దుల సంఘం. అందరూ పీఏసీ అంటారు. 2019లో ఉరవకొండ ఎమ్మెల్యే పయ్యావుల కేశవ్ ప్రతిపక్షం తరఫున ఆంధ్రప్రదేశ్ పీఏసీ ఛైర్మన్ అయ్యారు. అదే ఏడాది తెలంగాణలో చాంద్రాయణగుట్ట ఎమ్మెల్యే అక్బరుద్దీన్ ఒవైసీకి అదే పదవి దక్కింది. పాలించే పార్టీ పెట్టిన ఖర్చుకు పాలనలో లేని పార్టీ మనిషి లెక్క చూడాలన్న ఆనవాయితీ మన పార్లమెంటులో 1967లో మొదలైంది. అప్పుడు లోక్‌సభ స్పీకర్ కుర్చీలో ఉన్నది నీలం సంజీవరెడ్డి. ఉరవకొండ ఉన్న అనంతపురం జిల్లాలోనే, ఇల్లూరులో పుట్టినవారు.

రాష్ట్రపతిగా ఆయన పేరు అందరికీ తెలుసు. ప్రశ్నలకు జవాబు చెప్పాల్సిన ముఖ్యమంత్రిగా ఆయన ఎన్ని దెబ్బలు తిన్నారో, ఆ తర్వాత ప్రశ్నించే వాళ్లకు ఎలా దారి ఇచ్చారో మాత్రం తక్కువ మందికి తెలుసు.

ఇల్లూరు నుంచి జైలుకు

సంజీవరెడ్డి 1913 మే 19న ఇల్లూరులో కలిగిన రైతు కుటుంబంలో పుట్టారు. మద్రాసు అడయారులోని థియొసాఫికల్ హైస్కూల్లో చదివి, అనంతపురం ఆర్ట్స్ కాలేజీలో చేరారు. 1929లో గాంధీజీ అనంతపురం వచ్చారు. ఆ రాకతో కుర్రవాడి మనసు మారిపోయింది. సీమ గుడ్డలు వదిలి ఖద్దరు కట్టారు. 1931లో కాలేజీ మానేసి స్వాతంత్ర్య ఉద్యమంలోకి దిగారు. పాతికేళ్లకే, అంటే 1938లో, ఆంధ్ర ప్రాంత కాంగ్రెస్ కమిటీ కార్యదర్శి అయ్యి పదేళ్లు ఆ పనిలోనే ఉన్నారు. 1940 నుంచి 1945 దాకా ఎక్కువ కాలం జైల్లోనే గడిపారు. క్విట్ ఇండియా రోజుల్లో అమరావతి జైల్లో టంగుటూరి ప్రకాశం, కామరాజ్, సత్యమూర్తి, వి.వి.గిరి ఆయనకు తోటి ఖైదీలు. ఈ అమరావతి మహారాష్ట్రలోది.

ఆయన రాజకీయాల్లో ఎదుగుతున్న రోజుల్లోనే, 1937 నవంబరులో, కోస్తా నాయకులూ రాయలసీమ నాయకులూ మద్రాసులో శ్రీబాగ్ ఒప్పందం చేసుకున్నారు. కృష్ణా, తుంగభద్ర నీళ్ల వాడకంలో సీమకు ముందు చోటు ఇవ్వాలన్నది అందులో పెద్ద షరతు. ఈ మాట సంజీవరెడ్డి జీవితమంతా ఆయన వెంటే నడిచింది. తర్వాత ఆయన ఏ కుర్చీలో కూర్చున్నా, సొంత జిల్లా జనం ఆ ఒప్పందం సంగతి ఏమైందని అడుగుతూనే వచ్చారు.

1935లో ఆయన పెళ్లి తరిమెల ఊరి నాగరత్నమ్మతో జరిగింది. నాగరత్నమ్మ సోదరుడు తరిమెల నాగిరెడ్డి. ఈ బావమరిది కమ్యూనిస్టు అయ్యాడు. బావ కాంగ్రెస్, బావమరిది ఎర్రజెండా. ఈ రెండు జీవితాలూ నలభై ఏళ్లు ఒకదానికొకటి ఎదురుగా సాగాయి.

బావమరిది చేతిలో ఓటమి

1946లో సంజీవరెడ్డి మద్రాసు శాసనసభకు ఎన్నికయ్యారు. రాజ్యాంగసభలోనూ సభ్యుడయ్యారు. 1949లో మద్రాసు ప్రభుత్వంలో మద్యనిషేధం, గృహనిర్మాణం, అడవుల శాఖల మంత్రి అయ్యారు. 1951లో ఎన్.జి.రంగాపై గెలిచి ఆంధ్ర కాంగ్రెస్ అధ్యక్షుడయ్యారు. రాజకీయంగా మంచి ఊపు మీద ఉన్న సమయం అది.

అప్పుడు వచ్చాయి 1952 సాధారణ ఎన్నికలు. వయోజనులందరికీ ఓటు వచ్చిన మొదటి ఎన్నికలు. అనంతపురంలో కాంగ్రెస్ అధ్యక్షుడికి ఎదురుగా నిలబడ్డది ఆయన బావమరిదే. గెలిచింది నాగిరెడ్డి. రాష్ట్ర కాంగ్రెస్ పెద్ద సొంత జిల్లా కేంద్రంలో, సొంత ఇంటి మనిషి చేతిలో ఓడిపోయారు. మద్రాసు రాష్ట్రమంతటా కాంగ్రెస్‌కు సొంత మెజారిటీ రాలేదు. సంజీవరెడ్డి రాజ్యసభకు వెళ్లారు, నాగిరెడ్డి మద్రాసు అసెంబ్లీలో ప్రతిపక్ష బెంచీల్లో కూర్చున్నారు.

కర్నూలులో ఒక్క ఓటు

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. రాజధాని కర్నూలు. ప్రకాశం ముఖ్యమంత్రి, సంజీవరెడ్డి ఉపముఖ్యమంత్రి. ఈ ప్రభుత్వం ఏడాదికి కాస్త పైన మాత్రమే బతికింది.

మద్యనిషేధం అప్పట్లో పెద్ద తగువు. నిషేధం అమలు కావడం లేదని, ఖజానాకు ఆదాయం పోతోందని, కల్లుగీత కుటుంబాలకు తిండి లేకుండా పోయిందని సభలో గట్టిగా అడిగారు. దీని మీద వేసిన రామమూర్తి కమిటీ నిషేధం ఎత్తేయమని సిఫారసు చేసింది. ప్రభుత్వం ఒప్పుకోలేదు. 1954 నవంబరు 6న అవిశ్వాస తీర్మానం ఓటుకు వచ్చింది. ఒక్క ఓటు తేడాతో ప్రభుత్వం పడిపోయింది. కొన్నేళ్ల కిందట మద్రాసులో మద్యనిషేధ మంత్రిగా పనిచేసిన మనిషి, అదే మద్యనిషేధం మీద తన ప్రభుత్వం కూలడం కళ్లారా చూశారు.

1955 మధ్యంతర ఎన్నికల్లో కాంగ్రెస్ కూటమి గెలిచింది. కమ్యూనిస్టులు బాగా దెబ్బతిన్నారు. బెజవాడ గోపాలరెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు. సంజీవరెడ్డి మళ్లీ ఉపముఖ్యమంత్రి.

హైదరాబాదు టౌన్‌హాల్లో

1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో పెద్దమనుషుల ఒప్పందం మీద సంతకాలు జరిగాయి. ఆంధ్ర వైపు నుంచి సంతకం పెట్టిన నలుగురిలో సంజీవరెడ్డి ఒకరు. తెలంగాణ వైపు బూర్గుల రామకృష్ణారావు, కె.వి.రంగారెడ్డి, మర్రి చెన్నారెడ్డి, జె.వి.నర్సింగరావు. తెలంగాణ మిగులు ఆదాయం తెలంగాణలోనే ఖర్చు కావాలని, అక్కడి ఆఫీసుల్లో, కోర్టుల్లో ఉర్దూ వాడకం ఐదేళ్ల పాటు ఉన్నట్టే ఉండాలని అందులో రాసుకున్నారు. ముఖ్యమంత్రి ఒక ప్రాంతం వారైతే ఉపముఖ్యమంత్రి ఇంకో ప్రాంతం వారు కావాలన్నది మరో షరతు.

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. మొదటి ముఖ్యమంత్రి సంజీవరెడ్డి. కొత్త అసెంబ్లీకి చోటు దొరికింది పబ్లిక్ గార్డెన్స్‌లోని టౌన్‌హాల్లో. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ నలభయ్యో పుట్టినరోజు గుర్తుగా 1905లో మొదలుపెట్టిన ఆ తెల్లని భవనం 1913లో పూర్తయింది. సంజీవరెడ్డి పుట్టిన ఏడాదీ అదే. తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మాటలు కలిసి వినబడే సభ అది. కోస్తా, సీమ, తెలంగాణ, మూడు చోట్ల నుంచి వచ్చిన ఎమ్మెల్యేలు ఒకే ఖజానా గురించి అడిగేది అక్కడే.

ఆ అడగడం ఎలా జరుగుతుందో ఒకసారి చూడాలి. సభ మొదలైన వెంటనే ప్రశ్నల సమయం. ఎమ్మెల్యే ముందుగానే రాసి ఇచ్చిన ప్రశ్నకు మంత్రి లేచి నోటితో జవాబు చెప్పాలి. ఆ జవాబు మీద అక్కడికక్కడే అనుబంధ ప్రశ్నలు పడతాయి. రాసిచ్చిన కాగితం చదివేసి తప్పించుకోవడం అక్కడ కష్టం. బడ్జెట్ వచ్చాక ఒక్కో శాఖ తనకు ఇంత కావాలని పద్దు పెడుతుంది. దాన్ని తగ్గించమని ప్రతిపక్షం కోత తీర్మానం ఇస్తుంది. కోత నెగ్గదని అందరికీ తెలుసు. అయినా ఆ పేరుతో ఊళ్లో బావి తవ్వలేదని, ఆస్పత్రిలో మందుల్లేవని చెప్పే వీలు దొరుకుతుంది. ఇదంతా ఖర్చుకు ముందు అడగడం. ఖర్చయ్యాక కాగ్ తనిఖీ చేసి నివేదిక ఇస్తుంది. ఆ నివేదిక పట్టుకుని అధికారులను పిలిచి అడిగేది పీఏసీ.

ముఖ్యమంత్రిగా సంజీవరెడ్డి ఈ ప్రశ్నలన్నీ ఎదుర్కొన్నారు. ఒప్పందంలో ఉన్న ఉపముఖ్యమంత్రి పదవిని ఆయన తన మొదటి మంత్రివర్గంలో నింపలేదు. తెలంగాణ ఎమ్మెల్యేలకు అది మింగుడు పడలేదు. 1958లో తెలంగాణ ప్రాంతీయ సంఘం ఏర్పడింది. తెలంగాణ ఎమ్మెల్యేలే అందులో సభ్యులు. ఆ ప్రాంతానికి సంబంధించిన అభివృద్ధి విషయాలు ఆ సంఘం ముందుకు రావాలి. మిగులు సొమ్ము ఎంత, ఎక్కడికి పోయింది అన్న ప్రశ్న అప్పటి నుంచి రాజుకుంటూ 1969 ఉద్యమం దాకా వెళ్లింది. లెక్క వేళకు తేలకపోతే తగువు ఎంత దూరం పోతుందో తెలుగువాళ్లు అప్పుడే చూశారు.

ఆ కాలంలోనే మంచి పనులూ జరిగాయి. 1959లో పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తుల చట్టం వచ్చింది. ఆ ఏడాది నవంబరు 1 నుంచి మూడంచెల పంచాయతీరాజ్ అమలైంది. రాజస్థాన్ తర్వాత దేశంలో ఈ పద్ధతి తెచ్చింది మనమే. దీంతో రోడ్డు, బడి, తాగునీటి బావి గురించి అడగడానికి హైదరాబాదు దాకా పోనక్కర లేకుండా సమితి ఆఫీసు దగ్గరే ఒక వేదిక దొరికింది.

బస్సుల తగువు

నిజాం సర్కారు 1932లో 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. ఆ శాఖే పెరిగి 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ అయ్యింది. తెలంగాణలో సర్కారు బస్సు పాత సంగతి. ఆంధ్ర, సీమ జిల్లాల్లో మాత్రం రూట్లన్నీ ప్రైవేటు యజమానులవి. వాళ్ల దగ్గర్నుంచి రూట్లు తీసుకుని ఆర్టీసీకి ఇవ్వడమే జాతీయీకరణ.

మొదట కృష్ణా జిల్లాలో చిక్కు వచ్చింది. అభ్యంతరాలు విన్నది కార్యదర్శి, తీర్పు ఇచ్చింది రవాణా శాఖ చూస్తున్న ముఖ్యమంత్రి. ఒకరు విని ఇంకొకరు తేల్చడం విచారణ అనిపించుకోదని 1958లో సుప్రీంకోర్టు ఆ పథకాన్ని కొట్టేసింది. తర్వాత ముఖ్యమంత్రే స్వయంగా విన్నారు. అప్పుడు కోర్టు ఒప్పుకుంది. ఆ కేసు ఇప్పటికీ లా కాలేజీల్లో పాఠం.

1960 జనవరిలో సంజీవరెడ్డి అఖిల భారత కాంగ్రెస్ అధ్యక్షుడై ఢిల్లీ వెళ్లారు. దామోదరం సంజీవయ్య ముఖ్యమంత్రి అయ్యారు. 1962 ఎన్నికల్లో కర్నూలు జిల్లా డోన్ నుంచి గెలిచి సంజీవరెడ్డి మార్చిలో మళ్లీ ముఖ్యమంత్రి కుర్చీకి వచ్చారు. ఈసారి ఎదురుగా ఉన్న కమ్యూనిస్టు బెంచీల్లో 51 మంది. వాళ్లలో పుచ్చలపల్లి సుందరయ్య ఒకరు, అనంతపురం జిల్లా పుట్లూరు నుంచి గెలిచిన తరిమెల నాగిరెడ్డి ఒకరు. బావ ముఖ్యమంత్రి కుర్చీలో, బావమరిది ఎదురు బెంచీలో. ఇంట్లో చుట్టరికం సభలో పనికిరాదని ఆ ఇద్దరినీ చూస్తే తెలిసేది.

1963 జులైలో నెహ్రూ వచ్చి రెండు రోజుల తేడాతో శ్రీశైలం, పోచంపాడు ప్రాజెక్టులకు శంకుస్థాపన చేశారు. తెలంగాణకు పోచంపాడు సాగునీటి ప్రాజెక్టు. సీమ గడప దగ్గరే కడుతున్న శ్రీశైలం మాత్రం కరెంటు కోసం మొదలైంది. సీమ పొలాలకు అందులో నీటి వాటా లేదు. కరువు జిల్లా మనిషి ముఖ్యమంత్రిగా ఉండగా శ్రీబాగ్ మాట ఏమైందన్న ప్రశ్నకు అప్పుడు గట్టి జవాబు రాలేదు.

అసలు దెబ్బ మళ్లీ బస్సుల వైపు నుంచే వచ్చింది. మిగిలిన జిల్లాల్లో రూట్లను ఏ వరుసలో తీసుకోవాలో నిపుణుల సిఫారసు ఒకటి ఉంది. ఆ వరుస పక్కనపెట్టి కర్నూలు జిల్లా పడమటి భాగాన్ని ముందుకు తెచ్చారు. ఎన్నికల్లో తనకు ఎదురు పనిచేసిన బస్సు యజమానులను దెబ్బతీయడానికే ముఖ్యమంత్రి ఇలా చేయించారని ఆ యజమానులు కోర్టుకెక్కారు. సుప్రీంకోర్టు 1964లో వాళ్ల వైపే తీర్పు ఇచ్చింది. ఇంత సూటిగా ఆరోపణ చేస్తే, కాదని ప్రమాణపత్రం ఇవ్వాల్సిన ముఖ్యమంత్రి అది ఇవ్వలేదని కోర్టు ఎత్తిచూపింది. పథకాలు చెల్లవని కొట్టేసింది.

ఆయన లంచం తీసుకున్నారని ఆ తీర్పు చెప్పలేదు. ప్రజల పని కోసం ఇచ్చిన అధికారం ఇంకో ఉద్దేశానికి వాడారన్నదే అందులో సారం. అడిగినప్పుడు జవాబు చెప్పకపోవడం అందులో పెద్ద తప్పుగా నిలిచింది. 1964 ఫిబ్రవరిలో సంజీవరెడ్డి రాజీనామా చేశారు. కాసు బ్రహ్మానందరెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు. తీర్పు వచ్చాక కుర్చీ పట్టుకుని వేలాడకుండా దిగిపోయారన్నది ఆయన ఖాతాలో రాయాల్సిన మాట. అధికారం అలా వాడారన్న మచ్చ కూడా అదే ఖాతాలో ఉంటుంది.

స్పీకర్ కుర్చీలో

లాల్ బహదూర్ శాస్త్రి ప్రభుత్వంలో ఆయన ఉక్కు, గనుల మంత్రి అయ్యారు. 1966లో ఇందిరాగాంధీ మంత్రివర్గంలో రవాణా, విమానయానం, పర్యాటక శాఖలు చూశారు. 1967లో హిందూపురం నుంచి లోక్‌సభకు గెలిచారు. ఆ ఎన్నికల్లో కాంగ్రెస్ బలం బాగా తగ్గింది. చాలా రాష్ట్రాల్లో అధికారం పోయింది. లోక్‌సభలో ప్రతిపక్షం అంతకు ముందెన్నడూ లేనంత పెద్దదైంది. అలాంటి సభకు 1967 మార్చి 17న ఆయన స్పీకర్ అయ్యారు.

కుర్చీ ఎక్కగానే కాంగ్రెస్ సభ్యత్వానికి రాజీనామా ఇచ్చారు. అప్పటిదాకా ఏ లోక్‌సభ స్పీకరూ అలా చేయలేదు. రాష్ట్రపతి ప్రసంగం జరిగిన రోజే ప్రభుత్వం మీద అవిశ్వాస తీర్మానాన్ని సభలోకి తీసుకుని చర్చకు పెట్టించారు. అదీ మొదటిసారే. ఎస్సీ, ఎస్టీల సంక్షేమం ఎంతవరకు అమలవుతోందో చూడటానికి పార్లమెంటు కమిటీ ఏర్పడింది ఆయన కాలంలోనే.

అన్నిటికంటే పెద్ద మార్పు పీఏసీలో వచ్చింది. 1967 దాకా దానికి అధికార పార్టీ వాళ్లే ఛైర్మన్లు. తన పార్టీ ప్రభుత్వాన్ని తానే నిలదీయాలంటే ఎంత నిజాయితీపరుడికైనా నోరు పెగలదు. ఆ ఏడాది స్పీకర్ సంజీవరెడ్డి స్వతంత్ర పార్టీ నాయకుడు మీనూ మసానీని ఛైర్మన్‌గా వేశారు. ఇలా వేయాలని చట్టంలో లేదు. ఛైర్మన్‌ను నియమించే అధికారం మాత్రం స్పీకర్‌ది. ఆ అధికారాన్ని ఆయన ప్రతిపక్షం చేతికి ఇవ్వడానికి వాడారు. కర్నూలు బస్సుల విషయంలో అధికారం ఎలా వాడకూడదో కోర్టు చెప్పి అప్పటికి మూడేళ్లు. అప్పటి నుంచి లోక్‌సభలో పీఏసీ ఛైర్మన్ ప్రతిపక్షం మనిషే అవుతూ వచ్చారు.

ఇంకో కేసు కూడా చెప్పుకోవాలి. 1969 ఏప్రిల్లో, అంటరానితనం మీద ఒక పీఠాధిపతి అన్నారన్న మాటల గురించి లోక్‌సభలో చర్చ జరిగింది. ఆ చర్చలో తమ గురువు పరువు తీశారంటూ శిష్యులు నష్టపరిహారం దావా వేశారు. స్పీకర్ సంజీవరెడ్డి, హోంమంత్రి వై.బి.చవాన్, కొందరు ఎంపీలు అందులో ప్రతివాదులు. సభలో మాట్లాడిన మాటకు ఏ కోర్టులోనూ జవాబు చెప్పనక్కర లేదని 1970లో సుప్రీంకోర్టు ఆ దావాను కొట్టేసింది. ఇవాళ ఏ ఎంపీ అయినా, ఏ ఎమ్మెల్యే అయినా పరువునష్టం దావా భయం లేకుండా సభలో లేచి అడగగలుగుతున్నారంటే, ఆ రక్షణకు చూపించే తీర్పుల్లో సంజీవరెడ్డి పేరున్న ఈ తీర్పు ముఖ్యమైంది. ఆరేళ్ల తేడాతో రెండు తీర్పులు. మొదటిది జవాబు చెప్పనందుకు ఆయన్ని కుర్చీ దింపింది, రెండోది అడిగేవాళ్ల నోటికి కాపలా కాసింది.

ఇద్దరు, రెండు దారులు

1969 ఈ ఇద్దరు చుట్టాలకూ మలుపు. ఆ ఏడాది తరిమెల నాగిరెడ్డి శాసనసభ్యత్వానికి రాజీనామా చేశారు. పదిహేడేళ్లు మద్రాసులో, ఢిల్లీలో, హైదరాబాదులో చట్టసభల్లో అడిగి అడిగి, అక్కడ అడగడం వల్ల పేదల బతుకు మారదన్న నిర్ణయానికి వచ్చి విప్లవ దారి పట్టారు. కుట్ర కేసులో జైలుకు వెళ్లారు. కోర్టులో తన వాదనగా రాసుకున్నదే తర్వాత తాకట్టులో భారతదేశం అన్న పుస్తకమైంది. 1976 జులై 28న, ఎమర్జెన్సీ నడుస్తుండగా, అజ్ఞాతంలో ఉన్న కాలంలోనే ఆయన చనిపోయారు.

అదే 1969 జులైలో సంజీవరెడ్డి స్పీకర్ పదవి వదిలి, కాంగ్రెస్ అధికారిక అభ్యర్థిగా రాష్ట్రపతి ఎన్నికలో నిలబడ్డారు. ఇందిరాగాంధీ వర్గం ఓట్లు అటు తిరిగాయి. పాత జైలు సహచరుడు వి.వి.గిరి గెలిచారు. సంజీవరెడ్డి అనంతపురం తిరిగొచ్చి సేద్యంలో పడ్డారు. దాదాపు ఆరేళ్లు రాజకీయాలకు దూరంగా ఉన్నారు.

1975లో ఎమర్జెన్సీ వచ్చాక పార్లమెంటు కూర్చుంది కానీ, ప్రశ్నల సమయాన్ని పక్కన పెట్టేశారు. ఎంతోమంది ప్రతిపక్ష ఎంపీలు జైల్లో ఉన్నారు. అడిగే వేళ తీసేస్తే సభ ఏమవుతుందో దేశం అప్పుడు చూసింది. 1977 ఎన్నికల్లో ఆంధ్రప్రదేశ్ 42 సీట్లలో 41 కాంగ్రెస్‌కే పోయాయి. మిగిలిన ఒక్కటీ నంద్యాల. అక్కడ జనతా పార్టీ తరఫున గెలిచింది సంజీవరెడ్డి. మార్చిలో మళ్లీ స్పీకర్ అయ్యారు, జులై 25న రాష్ట్రపతిగా ప్రమాణం చేశారు. పోటీ లేకుండా ఆ పదవికి ఎన్నికైనది ఇప్పటిదాకా ఆయన ఒక్కరే.

రాష్ట్రపతిగా ఆయన చేసినవన్నీ మెచ్చుకోదగ్గవి కావు. 1979లో మొరార్జీ ప్రభుత్వం పడిపోయాక చరణ్‌సింగ్‌ను ప్రధానిని చేశారు. సభలో బలం చూపించాల్సిన రోజున చరణ్‌సింగ్ సభ ముఖం చూడకుండానే రాజీనామా ఇచ్చారు. జనతా నాయకుడు జగ్జీవన్‌రామ్ తనకు అవకాశం ఇవ్వమన్నారు. సంజీవరెడ్డి ఇవ్వలేదు, లోక్‌సభను రద్దు చేశారు. స్పీకర్‌గా సభకు అంత విలువ ఇచ్చిన మనిషి, బలం ఎవరికుందో సభలోనే తేలనివ్వకుండా ఎందుకు ముగించారని అప్పుడు చాలామంది అడిగారు. ఆ ప్రశ్న చరిత్రలో అలాగే నిలిచిపోయింది.

1982లో పదవి దిగి మళ్లీ అనంతపురం వచ్చేశారు. 1989లో జ్ఞాపకాలు పుస్తకంగా వేశారు. 1996 జూన్ 1న బెంగళూరులో కన్నుమూశారు.

ఉరవకొండ దాకా వచ్చిన నీళ్లు, లెక్కలు

శ్రీశైలం జలాశయానికి తర్వాత నీలం సంజీవరెడ్డి సాగర్ అని పేరు పెట్టారు. కరెంటు కోసం మొదలైన ఆ ప్రాజెక్టు నీళ్లను చివరికి సీమ అడిగి తీసుకుంది. హంద్రీ-నీవా పథకం కింద శ్రీశైలం వెనుక నీళ్లను మల్యాల దగ్గర ఎత్తిపోస్తారు. ఆ నీళ్లు 2012లో ఉరవకొండ నియోజకవర్గంలోని బెళుగుప్ప మండలం జీడిపల్లి రిజర్వాయరుకు చేరాయి. 1963లో దొరకని జవాబు జీడిపల్లికి రావడానికి దాదాపు యాభై ఏళ్లు పట్టింది. అసెంబ్లీలో సీమ ఎమ్మెల్యేలు పార్టీలకు అతీతంగా ఏళ్ల తరబడి అడగకపోతే అదీ వచ్చేది కాదు. పిల్లకాలువల పని ఎంతయింది, పొలానికి నీళ్లెప్పుడు అన్నవి ఇప్పటికీ అడగాల్సిన ప్రశ్నలే.

పీఏసీ సంగతీ ఉరవకొండ మీదుగానే తిరిగింది. ఛైర్మన్‌గా పయ్యావుల కేశవ్ 2021 జులైలో సుమారు 41 వేల కోట్ల రూపాయల చెల్లింపులకు సరైన పద్దులు లేవని గవర్నర్‌కు ఫిర్యాదు చేశారు. అప్పటి ప్రభుత్వం ఆ ఆరోపణను తోసిపుచ్చింది. 2024లో ప్రభుత్వం మారింది. లెక్క అడిగిన ఆయనే ఆర్థికమంత్రి అయ్యారు. 2025 ఫిబ్రవరిలో ఆయన పెట్టిన బడ్జెట్ 3.22 లక్షల కోట్లు. ఇప్పుడు జవాబు చెప్పాల్సిన వరుస ఆయనది.

అడిగే కుర్చీలో మాత్రం ఈసారి ప్రతిపక్షం లేదు. 175 మంది సభలో వైఎస్సార్‌సీపీకి దక్కింది 11 సీట్లు. పీఏసీ సభ్యులను ఎన్నుకునే ఓటింగ్‌లో సీటు గెలవడానికి ఆ బలం చాలలేదు. 2024 నవంబరులో ఆ పార్టీ ఓటింగ్‌ను బహిష్కరించింది. ఛైర్మన్ పదవి పాలక కూటమిలోని జనసేన ఎమ్మెల్యే పులపర్తి రామాంజనేయులుకు వెళ్లింది. ఇందులో చట్టం తప్పలేదు. తప్పింది 1967లో ఒక స్పీకర్ తన ఇష్టంతో మొదలుపెట్టిన ఆనవాయితీ.

సంజీవరెడ్డి బతుకులో రెండూ ఉన్నాయి. జవాబు చెప్పక కుర్చీ పోగొట్టుకున్న ముఖ్యమంత్రి ఆయనే, అడిగేవాళ్లకు కుర్చీ వేసిన స్పీకరూ ఆయనే. ఆనవాయితీని కాపాడే చట్టం లేదు గనుక దాన్ని కాపాడాల్సింది సభలో ఉన్నవాళ్లు, వాళ్లను పంపిన జనం. బెళుగుప్పలో కాలువ కోసం చూస్తున్న రైతుకూ, ఉరవకొండ దవాఖానా వరుసలో నిలబడ్డ తల్లికీ ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నారన్నది దూరపు సంగతేమీ కాదు. వాళ్ల పేరు మీద మంజూరైన డబ్బు లెక్క తేలేది ఆ కుర్చీ ముందే.